గిటారు పెడల్ డబ్బా మీద ఇంట్లోనే నగిషీ: మైలుతుత్తం, ఉప్పు ద్రావణంతో ఎచింగ్ పద్ధతి

ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రాంతాల్లో చర్చి గాయక బృందాల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ గిటారు వాయిస్తూ, పెడల్ (గిటారు శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే డబ్బా) సర్క్యూటును తామే అతికించుకునే కుర్రాళ్లు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. సర్క్యూటు పనిచేస్తోంది సరే, అల్యూమినియం డబ్బా మీద పేరు, బొమ్మ, నాబ్‌ల గుర్తులు చెరిగిపోకుండా వేయడం ఎలా? స్టిక్కరు కాలి తొక్కుడికి అంచుల దగ్గర లేస్తుంది. పైపైన వేసిన పెయింటు గీసుకుపోతుంది. రసాయనంతో లోహంలోకే తొలిచిన గీత మాత్రం డబ్బాతోపాటు నిలుస్తుంది.

ద్రావణంలో ముంచడం ఈ పనిలో చిన్న భాగం. డబ్బా ముఖాన్ని సమతలం చేయడం, జిడ్డు వదిలించడం, టోనర్‌ను (లేజర్ ప్రింటరు వాడే నల్ల పొడిని) పూర్తిగా అంటించడం సరిగ్గా జరిగితే మిగతాది ఓపికతో పూర్తవుతుంది. అవి సరిగ్గా జరగకపోతే ద్రావణం దగ్గర ఎంత జాగ్రత్త పడినా ఉపయోగం ఉండదు. అందుకే ఇక్కడ తయారీకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

1. ఏ రసాయనం వాడాలి

సర్క్యూటు కోసం రాగి బోర్డులు తయారుచేసినవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఫెర్రిక్ క్లోరైడ్. రాగి మీద అది నిదానంగా పనిచేస్తుంది. అల్యూమినియం మీద మాత్రం బుసబుసా పొంగి, వేడెక్కి, హైడ్రోజన్ వాయువును వదులుతుంది, ఆ వేడికి టోనర్ పొర అంచులు లేచిపోతాయి. దాన్ని బాగా పలుచన చేసి, పదిహేను ఇరవై సెకన్ల చొప్పున ముంచి తీస్తూ చక్కగా చేసేవాళ్లు ఉన్నారు కానీ, మొదటి డబ్బాకు నేను దాన్ని సూచించను. దాని మరక గచ్చు మీద పడితే వదలదు కూడా.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), ఉప్పు కలిపిన ద్రావణం ఇంటి పనికి మేలు. నిమ్మ తోటలకు, పొగాకు నారుమళ్లకు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం చేరిన మందు) కలిపే మన ప్రాంతంలో మైలుతుత్తం కోసం దూరం వెళ్లనక్కరలేదు, పురుగుమందుల దుకాణంలో అడిగితే చాలు. నీలి స్ఫటికాలుగా ఉన్నదాన్నే తీసుకోవాలి. సున్నంతో ముందే కలిపి అమ్మే పొడి ఈ పనికి రాదు.

ఉప్పు ఎందుకో తెలుసుకోవడం మంచిది. అల్యూమినియం మీద ఎప్పుడూ పలుచని ఆక్సైడ్ పొర ఒకటి కాపలాగా ఉంటుంది, ఒట్టి మైలుతుత్తం నీళ్లు దాన్ని దాటి పెద్దగా ఏమీ చేయలేవు. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను ఛేదిస్తుంది. ఆ తర్వాత అల్యూమినియం కరిగి ద్రావణంలోకి వెళుతుంది, ద్రావణంలోని రాగి ఎర్రటి మడ్డిగా బయటపడుతుంది.

2. ముందే సమకూర్చుకోవలసినవి

డబ్బా బోసి అల్యూమినియందై ఉండాలి. రంగు పూసిన డబ్బా కొంటే ఆ రంగును గీకడానికే ఒక పూట పోతుంది. 1590బి రకం సుమారు 112 × 60 × 31 మిల్లీమీటర్లు, 125బి రకం సుమారు 122 × 66 × 39 మిల్లీమీటర్లు ఉంటాయి. మొదటిసారికి 125బి నయం, ఎందుకంటే బొమ్మకూ నాబ్‌లకూ చోటు సరిపోతుంది.

- పాలిష్ పెట్టిన గ్రానైటు ముక్క, కనీసం అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్నది
- 220, 400, 600 నంబర్ల వాటర్ పేపర్లు
- గిన్నెలు తోమే ద్రవం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా అసిటోన్
- నునుపైన మెరుపు కాగితం లేదా టోనర్ బదిలీకని ప్రత్యేకంగా అమ్మే కాగితం
- ఆవిరి రంధ్రాలు తక్కువగా ఉన్న పాత ఇస్త్రీ పెట్టె, డబ్బా లోపల పట్టే చెక్క దిమ్మె
- గోళ్ల రంగు, నల్లటి పర్మనెంట్ మార్కర్, వెడల్పాటి ప్యాకింగ్ టేపు
- వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే, అది పట్టేంత పెద్ద ప్లాస్టిక్ టబ్బు, ప్లాస్టిక్ గరిటె
- నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు, పాత టూత్‌బ్రష్, మెత్తని పెయింటు బ్రష్
- చాకలి సోడా, వంట సోడా

గ్రానైటు ముక్కను నిర్లక్ష్యం చేయవద్దు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు కోసే యూనిట్ల దగ్గర తెగిపడిన పాలిష్ ముక్కలు ఉంటాయి. అంతటి సమతలమైన బల్ల ఇంట్లో మరొకటి దొరకదు. ఈ పనికి వాడిన ట్రే, గరిటె, టబ్బు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

3. బొమ్మ గీయడం: ఏది నలుపు, ఏది తెలుపు

టోనర్ అంటుకున్న చోట లోహం అలాగే ఉంటుంది, టోనర్ లేని చోట ద్రావణం తినేస్తుంది. అక్షరాలు లోతుగా దిగాలంటే ముద్రణలో నేపథ్యం నల్లగా, అక్షరాలు తెల్లగా ఉండాలి. మొదటి ప్రయత్నానికి ఈ పద్ధతే మంచిదని నా అభిప్రాయం. తినవలసిన లోహం తక్కువ కాబట్టి వేడి తక్కువ పుడుతుంది, గుంటల్లో తర్వాత రంగు నింపుకోవచ్చు.

కాగితాన్ని బోర్లించి అంటిస్తాం కనుక బొమ్మను అద్దంలో కనిపించినట్లు తిప్పి ముద్రించాలి. అక్షరాలున్న బొమ్మ కాగితం మీద తిరగబడి కనిపిస్తేనే డబ్బా మీద సరిగ్గా వస్తుంది.

ద్రావణం లోతుకు ఎంత తింటుందో పక్కలకూ దాదాపు అంత తింటుంది. తెలుగు అక్షరాలకు ఇది చాలా ముఖ్యమైన విషయం. ‘ఠ’, ‘థ’ వంటి అక్షరాల కడుపులో ఉండే చుక్కకూ చుట్టూ ఉన్న గీతకూ మధ్య మిగిలే లోహపు గోడ అర మిల్లీమీటరు కూడా ఉండదు, రెండు వైపులా తింటే అది కూలి అక్షరం ఒక గుంటగా మారుతుంది. వత్తులదీ ఇదే ఇబ్బంది. అందువల్ల లావు అక్షరాలను కాక, సన్నమూ లావూ కాని ఫాంటును ఎంచుకొని, పరిమాణం 16 పాయింట్లకు తగ్గకుండా, అక్షరానికీ అక్షరానికీ కొంత ఎడం ఇచ్చి అమర్చుకోవాలి. నాబ్‌ల పేర్లలో వత్తులు తక్కువగా ఉన్న మాటలు ఎంచుకుంటే ఇంకా మంచిది. గెయిన్‌కు ‘జోరు’, టోన్‌కు ‘నాదం’, వాల్యూమ్‌కు ‘మోత’ అని రాస్తే స్పష్టంగా తేలతాయి.

బొమ్మల విషయంలో ఒక ఉదాహరణ చెబుతాను. డిస్టార్షన్ పెడల్ మీద ఒంగోలు గిత్త బొమ్మ కావాలని చాలామంది కోరుకుంటారు. గిత్త ఒళ్లంతా లోతుగా దించితే వెడల్పాటి ఆ గుంట అడుగు ఎగుడుదిగుడుగా వస్తుంది. మూపురం, గంగడోలు, కొమ్ములు తెలిసేలా బయటి రేఖను మాత్రమే 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల గీతతో గీసి, నీడ ఉండే చోట సన్నని సమాంతర గీతలు వేస్తే ఆకారం నిండుగా, అడుగు సమంగా వస్తుంది.

రంధ్రాలు పడవలసిన ప్రతి కేంద్రం దగ్గరా చిన్న కూడిక గుర్తు పెట్టాలి. అది కూడా లోహంలోకి దిగి, తర్వాత డ్రిల్ మొన జారకుండా పట్టునిస్తుంది.

4. డబ్బా ముఖాన్ని సిద్ధం చేయడం

పోత పోసిన డబ్బా ముఖం కంటికి చదునుగా కనిపించినా నిజంగా చదునుగా ఉండదు. మధ్యలో కొద్దిగా ఉబ్బో, అంచుల్లో కొద్దిగా పల్లమో ఉంటుంది. గ్రానైటు మీద 220 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి పరిచి, డబ్బా ముఖాన్ని బోర్లించి, బరువు సమానంగా పడేలా పట్టుకొని అంకె ఎనిమిది ఆకారంలో తిప్పుతూ రుద్దాలి. కాసేపటికి తీసి చూస్తే రుద్దుడు పడిన చోట కొత్త మెరుపు, పడని చోట పాత బూడిద రంగు కనిపిస్తాయి. ఆ బూడిద రంగు మచ్చలు పూర్తిగా పోయేవరకు 220 దగ్గరే ఉండాలి. ఆ తర్వాతే 400, చివర 600. అంతకంటే నునుపు చేస్తే టోనర్‌కు పట్టు దొరకదు.

తర్వాత తోమే ద్రవంతో బ్రష్ చేసి కడిగి, ముఖం మీద నీళ్లు పోసి చూడాలి. నీరు పలుచని పొరలా ముఖమంతా పరుచుకుంటే జిడ్డు పోయినట్లు. ఎక్కడైనా చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డు మిగిలినట్లు, మళ్లీ కడగాలి. ఆరాక ఆల్కహాల్‌తో తుడిచి, అక్కడి నుంచి ముఖాన్ని వేలితో తాకకూడదు. బోరు నీళ్లు ఉప్పగానో గట్టిగానో ఉన్న ఊళ్లలో చివరి కడుగుడుకు క్యాన్ నీళ్లు వాడండి. ఆరాక తెల్లటి మరకలు మిగిలితే టోనర్ వాటి మీద అంటుకోదు.

5. టోనర్‌ను డబ్బా మీదికి దించడం

ముద్రణ లేజర్ ప్రింటరు మీదే జరగాలి. జిరాక్స్ షాపులో టోనర్ ఆదా చేసే అమరికను తీసేసి, నలుపు గాఢంగా వచ్చేలా వేయమని చెప్పాలి. ఇంక్‌జెట్ సిరా కరగదు, అంటదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కాగితం తేమ పీల్చుకొని మెత్తబడుతుంది కాబట్టి, ముద్రణకు ముందు దాన్ని కొద్దిసేపు ఎండలో ఆరబెట్టడం మంచిది.

డబ్బా లోపల చెక్క దిమ్మె పెట్టి ముఖం పైకి ఉండేలా నిలపాలి. ఇస్త్రీ పెట్టెలో నీళ్లు లేకుండా నూలు బట్టల వేడికి పెట్టి, కాగితం వేయకముందే డబ్బాను రెండు మూడు నిమిషాలు వేడి చేయాలి. మందపాటి అల్యూమినియం వేడిని లాగేసుకుంటుంది, చల్లని డబ్బా మీద ఎంత రుద్దినా టోనర్ కాగితాన్ని వదలదు. వేడెక్కిన డబ్బా మీద కాగితాన్ని ఒక్కసారే, జరపకుండా బోర్లించి, ముందు పెట్టెను కదపకుండా అరనిమిషం అదిమి ఉంచాలి. కాగితం అతుక్కున్నాక నాలుగైదు నిమిషాల పాటు పెట్టె మొనతో అంచులను, మూలలను వరుసగా ఒత్తాలి. మూలలే ఎక్కువగా మొరాయిస్తాయి.

డబ్బా చేతికి గోరువెచ్చగా తగిలే వరకు ఆరనిచ్చి, తోమే ద్రవం ఒక చుక్క వేసిన నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. కాగితాన్ని పీకకూడదు. నానిన కాగితాన్ని బొటనవేలితో రుద్దితే మెత్తని ఉండలుగా రాలిపోతుంది. అక్షరాల గుంటల్లో ఇరుక్కున్న పీచును టూత్‌బ్రష్‌తో మెల్లగా తీయాలి. తడిగా ఉన్నప్పుడు అంతా శుభ్రంగానే కనిపిస్తుంది, అసలు పరీక్ష ఆరాక. లోహం కనిపించవలసిన చోట తెల్లటి నూగు తేలితే పీచు మిగిలిందని అర్థం, అక్కడ ద్రావణం పనిచేయదు. మళ్లీ తడిపి తీయండి.

నలుపులో సూదిమొనంత రంధ్రాలుంటే గోళ్ల రంగుతోనో మార్కర్‌తోనో పూడ్చాలి. అక్షరమే విరిగితే పూడ్చే ప్రయత్నం వద్దు. అసిటోన్‌తో మొత్తం తుడిచి, 600తో ఒకసారి రుద్ది, మళ్లీ మొదటి నుంచి దించండి. సగం బాగున్న పొరతో ముందుకు వెళ్లిన డబ్బా చివరికి బాగుపడదు.

6. తినకూడని చోట్లను మూసేయడం

పక్క గోడలకు ప్యాకింగ్ టేపు చుట్టి, టేపు అంచుకూ టోనర్ అంచుకూ మధ్య మిగిలిన వంపు మీద గోళ్ల రంగు రెండు పూతలు వేయాలి. డబ్బా నోటిని కూడా టేపుతో మూసేయాలి. లోపలి మరల రంధ్రాల్లోకి ఉప్పు ద్రావణం చేరితే తర్వాత తెల్లటి తుప్పు పొంగుతుంది. రంధ్రాలు ముందే వేయకుండా ఎచింగ్ తర్వాత వేయమనడానికి కారణమూ ఇదే.

7. ద్రావణం కలపడం

ఒక లీటరు గోరువెచ్చని నీటిలో 50 గ్రాముల మైలుతుత్తం పూర్తిగా కరిగించి, తర్వాత 50 గ్రాముల ఉప్పు వేయాలి. ఉప్పు కరిగే కొద్దీ నీలి రంగు ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. కల్లుప్పయినా, అయోడిన్ ఉప్పయినా పనిచేస్తుంది.

డబ్బాను ముంచే ముందు అల్యూమినియం కిటికీలు చేసే షాపులో దొరికే ముక్క ఒకటి వేసి చూడండి. నిమిషంలోపే దాని మీద ఎర్రటి పొర, సన్నని బుడగలు కనిపించాలి.

- పని ఆరుబయట లేదా కిటికీలన్నీ తెరిచిన చోట చేయాలి. బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి దగ్గరలో పొయ్యి, అగరుబత్తి, సిగరెట్ ఉండకూడదు.
- చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ట్రే దగ్గరికి వెళ్లకూడదు.
- కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి వైద్యుని దగ్గరికి వెళ్లాలి.
- మైలుతుత్తం మింగితే విషం. పిల్లలకు, పశువులకు అందని చోట, పేరు రాసిన సీసాలో ఉంచాలి.
- బాత్రూములు కడిగే యాసిడ్‌ను ‘వేగం కోసం’ ఎంతమాత్రం కలపకూడదు.

8. ఎచింగ్: కొంచెం కొంచెంగా

ట్రేలో ద్రావణాన్ని ఒకటిన్నర సెంటీమీటరు లోతున పోసి, ట్రేను చల్లటి నీళ్ల టబ్బులో కూర్చోబెట్టాలి. డబ్బా ముఖాన్ని కిందికి పెట్టి, అడుగుకు తగలకుండా ద్రావణంలో ఉంచి మెల్లగా ఊపుతూ ఉండాలి. ముఖం కిందికి ఉంటే రాగి మడ్డి దానంతటదే రాలిపోతుంది, ఊపడం వల్ల బుడగలు ఒకే చోట నిలవవు.

ఒక నిమిషం కాగానే తీసి, పక్కనున్న బకెట్ నీళ్లలో ముంచి, మెత్తని బ్రష్‌తో ఎర్రటి మడ్డిని తుడిచి, వెలుగులో ఏటవాలుగా పట్టి చూడాలి. మళ్లీ ఒక నిమిషం, మళ్లీ తుడవడం. ఇంతకు మించిన కిటుకు లేదు. వరుసగా పది నిమిషాలు వదిలేసిన డబ్బాలో మడ్డి పేరుకున్న చోట తక్కువగా, పేరుకోని చోట ఎక్కువగా లోహం పోతుంది, పైగా ద్రావణం వేడెక్కి టోనర్‌ను లేపేస్తుంది. ట్రే అడుగు చేతికి వెచ్చగా తగిలితే పని ఆపి చల్లారనివ్వాలి. రోహిణి కార్తెలో నీళ్ల ట్యాంకు నీరే సలసలలాడుతుంది కాబట్టి ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి.

గోటి కొనను గీత మీద అడ్డంగా లాగితే స్పష్టంగా తట్టుకుంటే లోతు చాలినట్లు. 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోతు రంగు నింపడానికి సరిపోతుంది. ద్రావణం బలాన్ని, వేడిని బట్టి దీనికి ఇరవై నిమిషాలు పట్టవచ్చు, నలభై పట్టవచ్చు. గడియారాన్ని కాక గోటినే నమ్మండి. మధ్యలో టోనర్ ఎక్కడైనా లేస్తే వెంటనే కడిగి, ఆరబెట్టి, గోళ్ల రంగు పూసి, అది ఎండాకే కొనసాగించాలి.

9. ఎదురయ్యే లోపాలు, వాటి దిద్దుబాటు

గీతలు కొన్ని చోట్ల అసలు దిగకపోతే అక్కడ కాగితపు పీచో, వేలి జిడ్డో ఉన్నట్లు. టూత్‌బ్రష్‌తో తోమి కొనసాగించవచ్చు. అంచులు రంపపు పళ్లలా వస్తే ద్రావణం వేడెక్కిందని గానీ, ఇస్త్రీ వేడి చాలలేదని గానీ అర్థం. నల్లగా ఉండవలసిన విశాలమైన భాగంలో చుక్కలు చుక్కలుగా తింటే, పూడ్చని సూది రంధ్రాలే కారణం. అవి తక్కువ లోతుగా ఉంటే చివర 400తో రుద్దినప్పుడు పోతాయి.

బుడగలు తగ్గి, ద్రావణం రంగు వెలిసిపోతే అందులోని రాగి అయిపోయినట్లు. ఉప్పు మాత్రమే పెంచితే ప్రయోజనం లేదు, కొత్తగా కలుపుకోవాలి.

గుంటల అడుగు నల్లబారితే కంగారు పడనక్కరలేదు. పోత అల్యూమినియంలో సిలికాన్ కలుస్తుంది, ద్రావణం దాన్ని కరిగించలేక నల్లటి మసిగా వదిలేస్తుంది. వంట సోడా ముద్దతో టూత్‌బ్రష్ పెట్టి తోమితే చాలావరకు పోతుంది. నల్ల రంగు నింపేటట్లయితే దాన్ని పట్టించుకోనవసరమే లేదు.

10. మిగిలిన ద్రావణాన్ని ఏం చేయాలి

ఈ భాగాన్ని దయచేసి దాటవేయవద్దు. రాగి లవణాలు చేపలకు, అంతకంటే ఎక్కువగా రొయ్యలకు ప్రాణాంతకం. తీరం వెంబడి రొయ్యల చెరువులున్న మన ప్రాంతంలో వీధి కాలువలో పోసిన నీరు వాగుకో, బకింగ్‌హాం కాలువకో చేరుతుంది. కాబట్టి చుక్క కూడా కాలువలో పోయకూడదు.

ఆరుబయట, ద్రావణంలో వంటింటి అల్యూమినియం రేకును చిన్న చిన్న ముక్కలుగా, ఒక్కొక్కటే వేస్తూ రంగు పూర్తిగా పోయేవరకు ఆగాలి. ఒకేసారి ఎక్కువ వేస్తే బాగా వేడెక్కి పొంగుతుంది. రంగు పోయిందంటే రాగి దాదాపుగా ఎర్రటి పొడిగా అడుగుకు దిగినట్లు. తర్వాత చాకలి సోడాను కొద్దికొద్దిగా, నురగ రావడం ఆగేదాకా కలపాలి. తెల్లటి జిగురు మడ్డి ఏర్పడుతుంది. మొత్తాన్ని వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో పోసి, పక్షులు, పిల్లులు ముట్టకుండా వల కప్పి, ఎండలో ఆరబెట్టాలి. కొటార్లలో ఉప్పు పండించే ఎండ మనది, కొద్ది రోజుల్లో నీరంతా ఆవిరైపోతుంది. మిగిలిన గట్టి పదార్థాన్ని సంచిలో కట్టి, పేరు రాసి, ఇంటి ప్రమాదకర చెత్తగా మున్సిపల్ సిబ్బందికి విడిగా అప్పగించండి. బ్రష్‌లు కడిగిన బకెట్ నీళ్లకూ ఇదే పద్ధతి.

11. రంధ్రాలు, రంగు, పైపూత

అసిటోన్‌తో టోనర్, గోళ్ల రంగు తుడిచి, టేపు తీసి, డబ్బాను లోపలా బయటా ధారగా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఎచింగ్‌లో దిగిన కూడిక గుర్తుల మీద పంచ్ కొట్టి, ముందు 3 మిల్లీమీటర్ల మొనతో దారి చేసి, తర్వాత మెట్ల మొనతో (స్టెప్ డ్రిల్‌తో) పెంచుకోవాలి. సాధారణంగా ఫుట్‌స్విచ్‌కు 12, నాబ్ కింద ఉండే పాట్‌కు 7, గిటారు జాక్‌కు 9.5 నుంచి 10 మిల్లీమీటర్లు సరిపోతాయి. అయినా మీ దగ్గరున్న విడిభాగాన్ని కొలిచాకే డ్రిల్ పట్టండి.

గుంటల్లో నల్ల ఎనామెల్ పెయింటును నింపి, పాత ఏటీఎం కార్డు అంచుతో పైభాగాన్ని చదునుగా లాగాలి. ఒక రోజంతా ఎండనిచ్చి, గ్రానైటు మీద 600 కాగితం పరిచి ముఖాన్ని ఒకే దిశలో రుద్దితే పైనున్న రంగు పోయి, గీతల్లో మాత్రం మిగులుతుంది. ఎండని రంగును రుద్దితే గుంటల్లోంచి ఊడివస్తుంది.

ఉప్పుగాలికి బోసి అల్యూమినియం మచ్చలు పడుతుంది కాబట్టి పారదర్శక లక్క స్ప్రే పలుచగా మూడు పూతలు వేయడం అవసరం. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరు నెలల్లో గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున స్ప్రే చేస్తే పూత పాలు కలిపినట్లు తెల్లబారుతుంది. పొడి ఎండ కాసే రోజు దాకా ఆగండి. పూత వేసేటప్పుడు డబ్బా లోపలి వైపును, ముఖ్యంగా జాక్ ఆనే చోటును టేపుతో మూసి ఉంచాలి. పెడల్ డబ్బాయే సర్క్యూటుకు గ్రౌండ్ కవచం కాబట్టి అక్కడ లోహం లోహాన్ని తాకాలి.

పూత పూర్తిగా గట్టిపడడానికి వారం రోజులు ఇవ్వాలి. తొందరపడి నట్టు బిగిస్తే వాషరు కింద పూత చిట్లి ముడతలు పడుతుంది. అన్నీ బిగించాక మల్టీమీటరును కంటిన్యుటీలో (కరెంటు దారి కలిసిందో లేదో చూసే అమరికలో) పెట్టి, ఒక మొనను జాక్ గ్రౌండ్‌కు, మరొక మొనను డబ్బా లోపలి బోసి లోహానికి తాకించండి. బీప్ వస్తే మూత బిగించవచ్చు, రాకపోతే జాక్ తీసి దాని కింద మిగిలిన లక్కను గీకాలి.